సుడి గీయమన్న కాగితాలు

కర్నూలు పెద్దాస్పత్రి. నరాల ఓపీ. మంగళారం.
బల్లకు దారంతో కట్టిన పెన్సిలు నాది,
కట్టకపోతే ఎత్తుకపోతారు.
వచ్చినోళ్లకు తెల్లకాగితమిచ్చి
నడిమి నుంచి బయటికి సుడి గీయమంటాను.
నా ఉద్యోగం అంతే.

వణుకంటే వణుకే గదా అనుకుంటి, మొదట్లో.

ఆదోని టైలరు హుసేన్ పీరా
చేతులు ఒళ్లో పెట్టుకుంటే బండ మాదిరి నిమ్మళం.
టీ గ్లాసు ఎత్తినాడా, చొక్కా నిండా టీనే.
ఆయన సుడికి అంచంతా రంపంపళ్లు.
"మా అబ్బాకీ ఇట్లే ఉండె" అన్నాడు.
ఆ మాటకు డాక్టరమ్మ రాసేది ఆపి తలెత్తింది.
సూదిలో దారమెక్కక పదేండ్లు
తాగుబోతని పేరు మోసినాడు,
చుక్క ముట్టనోడు.

బోయ ఉరుకుందుది ఇంకో తీరు.
తొలకరికి జొన్నగిరి చేన్లల్లో వజ్రాలు ఎతికే మనిషి.
ఉత్తగా ఉన్న కుడిచేతిలో
బొటనేలూ చూపుడేలూ
కనపడని రాయినేదో దొర్లిస్తాంటాయి.
"ఇరవై నుంచి ఎనక్కి లెక్కపెట్టు పెద్దాయనా."
పద్దెనిమిది, పదిహేడు... రాయి వడి పెరిగింది.
టీకి చెయ్యి చాపినాడు, వణుకు యాడికి పాయనో!
సుడి మటుకు చీమకన్ను.

కోడుమూరు పిల్ల చాపిన వేళ్ల మీద
కాగితం పరిస్తే, కాగితం చెప్పింది.
గొంతు తడిమి రక్తపరీక్షకు పంపిరి.
ముక్కు దగ్గరికొచ్చే కొద్దీ
దావ తప్పే వేలినీ ఒకసారి చూసినా.
ఆ పూట నాకు అన్నం దిగలే.

సుంకులమ్మను మరిది తోడుకొచ్చినాడు,
"నాటకం సార్" అని నాకే చెప్పినాడు.
"ఎడంచేత్తో నాతో పాటు తాళమెయ్యి" అనె డాక్టరమ్మ.
కుడిచేతి వణుకు ఆ తాళం పట్టుకుంది.
మెల్లగేస్తే మెల్లగ. ఆపితే ఆగె.
మరిది నవ్వినాడు.
"నవ్వద్దు. ఆపడం ఆమె చేతిలో ఉంటే
ఇంత దూరం బస్సెక్కి వచ్చునా?
చూడు సుంకులమ్మా, నీ చెయ్యి ఆగడం మరిసిపోలేదు."
తప్పిపోయి దొరికిన మేకపిల్లను చూసినట్ల
సుంకులమ్మ తన చేతిని చూసుకుండె.

సాయంత్రం కాగితాలు కట్టగడతాంటే
ఉరుకుందు మళ్లా వచ్చినాడు,
రుమాలు ముడి ఇప్పి ఒక రాయి అరచేతిలో పెట్టి
"ఇది నిజమైందో కాదో ఆయమ్మ చెప్తాదా?"
చాపిన చెయ్యి కొంచెంసేపు కదల్లే.
తర్వాత, మెల్లగ, మొదలైంది.
కిటికీ ఎండలో
రాయి మినుకుమినుకుమంటా ఉంది.