పాలపన్ను

అగ్గిపెట్టె తెరిచి చూపిండు ఇర్ఫాన్.
దూదిల నల్లగ ఒక పన్ను,
నా బొటనేలు కంటె పెద్దది,
అంచుకు కక్కుకొడవలి తీరు సన్న కక్కులు.
సొరచేపదంట. పరాయి దేశంల ఏదో ఏట్ల
రాయై దొరికిందంట.
"మన కృష్ణల గూడ దేవులాడుదం, ఊశన్నా."

సోమశిల కాడ బోటు ఆపి
నా నడుముకు సీసం ముద్దలు కట్టిండు.
ఇరవై యేండ్ల సంది మునుగుతున్న ఈ నీళ్లల్ల.
పోలీసులు పిలిస్తే పీనుగులకు,
పెండ్లోల్లు పిలిస్తే జారిన ఉంగరాలకు.
ఎప్పుడైనా ఒక్క బుక్కెడు గాలితోనే.
సిలిండరు గొట్టం పండ్ల నడుమ పెట్టుకుంటె
నాయన చుట్ట యాదికొచ్చింది.

"దొరుకుతదా?" అన్న.
"దొరకది," అన్నడు తేటగ.
ఈ గట్లు పరుపు పరుపుగ పేరింది సముద్రంలనేనంట,
కని అప్పటికి చేపలే లేవు,
లోకంల యాడా పన్ను అనేదే మొలువలే.
కరిసేటిది లేదు, నమిలేటిది లేదు,
పాచి ఒక్కటే పొర మీద పొర పండుకున్నదంట.
"మరెందుకు మునుగుడు?"
"లేదని సూసొచ్చినోడు లేడు గదా!"

ముప్పై అడుగుల కింద నీళ్లు చాయ రంగు.
టార్చి పడ్డకాడికే లోకం.
చెయ్యి తగిలి ఒండ్రు లేచింది, మళ్ల కూసున్నది.
మొండిగోడ. గడప.
ఒరిగిన ఇసుర్రాయి, కక్కులు అరిగి నున్నగ.
అప్పుడెరుకైంది,
ఇది కురుమయ్యోల్ల ఇల్లు.
దాని ఎనక మా మిద్దె.

డ్యాం నీళ్లు రాకముందటి ఎండకాలం
నా ముందటి పన్ను ఊడితె
అవ్వ పెండల చుట్టి చేతికిచ్చింది.
"మిద్దె మీదికి ఇసురు. ఎనకకు సూడకు."
ఇసిరిన.
కొత్త పన్ను మొలిచేటాళ్లకు
మేము సర్కారు రేకుల కింద ఉన్నం.

సొరచేపకు బతుకంత పండ్లు ఊడుతనే ఉంటయంట,
మొలుస్తనే ఉంటయంట.
మనకు రెండుమాట్లే.
రెండోమాటువి గూడ గుట్కకు సగం పోగొట్టుకున్న నేను.

మిద్దె మీదికెల్లి పోతున్న, గద్ద లెక్క.
ఎన్నడూ పైనుంచి సూడలే మా ఇల్లు.
అరచేత్తోటి ఒండ్రు జరిపిన, ఒక మూల,
ఇంకో మూల.
ఇర్ఫాన్ భుజం తట్టి
బొటనేలు మీదికి చూపిండు.

బోటుల కూసొని మాస్కు గుంజి
"ఏమన్న దొరికిందానె?" అన్నడు.
నాలిక పోయి పండ్ల సందు తడిమింది.
"రెండో సిలిండర్ల
ఎంత గాలున్నది?" అన్న.