కాంటా దగ్గర ఆగిన చెయ్యి

మడికొండ ఆఫీసులో కూర్చొని
ఆ టూల్ గురించి నేను రాసింది ఒకటే ముక్క:
"బరువు తీసుకుంటుంది, చిట్టీ ఇస్తుంది."
నాకు చాలనిపించింది.

ఏజెంటుకు చాలలేదు.
కిలోలా క్వింటాళ్లా, దానికెవరు చెప్పిన్రు?
రాత్రికి రాత్రి
నలభై రెండు కిలోల మిర్చికి
నలభై రెండు క్వింటాళ్ల చిట్టీ కొట్టింది,
ఎంత నమ్మకంగానో.

పొద్దున్నే ఎనుమాముల యార్డుకు పోయిన.
ఘాటుకు తుమ్ముకుంట అడిగితే
హమాలీ ఓదెలు నవ్విండు:
"సంచి బరువు తీసేసినంకనా, తియ్యకముందా?
గది రాసినవా బిడ్డా?"
రాయలేదు.
తేమ సంగతీ రాయలేదు.
ఒకే సంచి రెండుసార్లు కాంటా ఎక్కితే
రెండు చిట్టీలా, ఒక్కటేనా,
అదీ రాయలేదు.

అంతలో పేరు చెరిగిపోయిన సంచి ఒకటి వచ్చింది.
ఓదెలు కొక్కెం గాల్లోనే ఆపిండు.
"ఇదెవలిదే?" అని కేకేసి
జవాబొచ్చేదాకా అట్లనే నిలబడ్డడు.
వెనక లారీ హారన్ కొడుతనే ఉంది.

ఇప్పుడు నా వివరణ పేజీన్నర.
యూనిట్లున్నాయి, హద్దులున్నాయి,
మొన్నటి తప్పు చిట్టీ ఉదాహరణగా ఉంది.
చివరి వాక్యం ఒక్కటే
కొట్టేసి, మళ్లీ రాస్తున్న:
"పేరు లేకుంటే ఊహించకు. అడుగు."
సరిగ్గానే ఉంది.
గాల్లో ఆగిన ఆ చెయ్యి మాత్రం
ఇంకా ఇందులోకి రాలేదు.