పసుపు పెట్టె

ఓల్డమ్‌లో, చర్చి వెనక హాల్లో
హీటర్ పనిచేయని గురువారం.
మినిట్స్ రాయడం నా వంతు.
కౌన్సిలర్ ఎంట్విసిల్ లేచి కాగితం ఆడించాడు:
"కిందటేడు తొమ్మిది ప్రమాదాలు.
పసుపు పెట్టెలో కెమెరా బిగించాం.
ఈ ఏడు మూడే. ఇంకేం కావాలి?"
చప్పట్లకి బిస్కెట్ల పళ్లెం కూడా కదిలింది.

రాశాను: తొమ్మిది, మూడు.
పెన్ను అక్కడే ఆగింది.
పాత పుస్తకం తిరగేస్తే, అంతకు ముందేడు నాలుగు.
దాని ముందు మూడు. ఇంకా ముందు మళ్లీ నాలుగు.
తొమ్మిదన్నది ఆ వీధికి జ్వరమొచ్చిన ఏడు;
జనవరి అంతా తారు మీద కంటికానని మంచు.
జ్వరం దానంతటది దిగే రోజున
తాయెత్తు కట్టినవాడిదే పేరు.

లేచాను. గొంతు కొంచెం వణికింది.
"మిల్‌గేట్ వీధిలో ఏ పెట్టే పెట్టలేదు కదా,
అక్కడ ఎనిమిది కాస్తా రెండెలా అయ్యాయి?"

వెనక వరసలో చిప్స్ కొట్టు కెన్నెత్‌కి హుషారొచ్చింది:
"అదే నేనూ అంటున్నా!
ఆ కెమెరా వచ్చాకే నా బేరం పడిపోయింది!"
నాయనా, నీ బేరం పడింది
ఎదురుగా కబాబ్ కొట్టు తెరిచాక.
బోడిగుండుకీ మోకాలికీ నువ్వూ ముడెయ్యకు
అని ఇంగ్లీషులో ఎలా అనాలో తెలియక
కూర్చున్నాను.

అప్పుడు డోరీన్ హేగ్ మాట్లాడింది.
ఆ తొమ్మిదిలో ఒకటి ఆమె కొడుకు.
"నెల ముందు పెట్టుంటే మా కాలమ్ బతికేవాడు,"
ఎవరి వంకా చూడకుండా అంది.
ఆ మాటకి రుజువు లేదు.
కాదనడానికీ లేదు.
ఒక్క అక్షరం మార్చకుండా రాశాను.

బస్టాపులో వాన. ఆమె పక్కన నేను.
"అయితే కెమెరా వద్దంటావు?"
"వద్దనడం లేదండీ.
ఆపింది అదో, మంచు పడని చలికాలమో తెలియకపోతే
రేపు ఇంకో వీధికి ఏం పెట్టాలి?"
జవాబు లేదు. ఎనభై మూడో నంబరొచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది.

శనివారం పొద్దున మిల్‌గేట్ మూల మీద
మడత కుర్చీ, ఫ్లాస్కు,
వేగం కొలిచే గన్ను తీసుకుని వెళ్లేసరికి
నాకంటే ముందే నిలబడి ఉంది,
చేతికి ఉన్ని తొడుగులతో.
గన్ను తనే అడిగి తీసుకుంది.
నూటపదహారో కారు నీలం రంగుది.
అది మలుపు తిరిగేదాకా చూసి
"ముప్ఫై ఎనిమిది" అంది.
కాసేపాగి,
"రాసుకో."