నాలుగో గడి

అర్వైఖేర్ బడిలో ఏడో తరగతి.
కిటికీ అద్దానికి లోపలివైపే మంచు పట్టింది.
పొయ్యి పక్కన పాత టీవీ పెట్టి
శబ్దం పూర్తిగా తీసేశాను.
నోట్లో నాలుక లేని ప్రకటనలు
ఒకదాని వెనక ఒకటి నడిచిపోతున్నాయి.

బోర్డు మీద మూడు నిలువు గళ్లు గీశాను.
చెప్పేది ఎవరు.
వినేది ఎవరు.
తుడిచేది ఎవరు.
ప్రకటన మారినప్పుడల్లా ఒకరు లేచి గీత పెట్టాలి.

మొదట్లో అంతా నవ్వులాట.
తెల్లకోటాయన వేలు చూపిస్తాడు,
ఆమె తలూపుతుంది, చొక్కా తెల్లబడుతుంది.
ట్రక్కు కొండెక్కుతుంది, స్టీరింగు మీద బొచ్చు చేయి.
మళ్లీ ఒకామె, మళ్లీ ఒక గచ్చు.
పదకొండు ప్రకటనలయ్యేసరికి
మూడో గడిలో చోటు చాలక
గీతలు బోర్డు చట్రం మీదికి పాకాయి.

ఎంఖ్‌జుల్ అడిగింది:
"టీచర్, నేలను చూసి అంతలా ఎవరు నవ్వుతారు?
మా అమ్మ మోటారుసైకిల్ మీద మందను తోలుకొస్తుంది.
అప్పుడు నవ్వుతుంది.
తుడిచేటప్పుడు తిడుతుంది."

వెనక బెంచీ దుల్గూన్ ఎప్పుడూ మాట్లాడడు.
హాస్టల్ పిల్లవాడు.
మందకి మగపిల్లవాడు కావాలని
వాళ్లన్నని నాలుగులోనే మాన్పించారు.
సుద్దముక్కని గుప్పిట్లో పొడి చేసుకుంటూ లేచాడు.

"పోయిన జుద్‌లో మేతంతా మంచు కింద పడిపోయింది కదా,
మా మేకలు నిలబడ్డచోటే గడ్డకట్టాయి.
మా నాన్న గుడారం వెనక్కి వెళ్లి
కుక్క మెడ పట్టుకుని ఏడ్చాడు.
ఇందాకట్నించీ చూస్తున్నా,
ఇందులో ఏ మగవాడూ ఏడవలేదు.
నేను గీత ఎక్కడ పెట్టాలి?"

ఎవరూ నవ్వలేదు.
నవ్వబోయిన ఒకడు దగ్గుగా మార్చుకున్నాడు.

నాలుగో గడి గీశాను.
పైన ఏం రాయాలో తోచక
ఖాళీగానే వదిలేశాను.
అందులో దుల్గూన్ ఒక్క గీత,
నిదానంగా, పైనుంచి కిందికి.

పొయ్యి చల్లారుతోంది.
ఇరవై రెండేళ్ల అలవాటు
నా నోట్లోంచి దానంతటదే జారింది:
"మగపిల్లలూ, ఇద్దరు పోయి బొగ్గు తెండి.
ఆడపిల్లలూ, బోర్డు తుడిచేయండి."

ఎంఖ్‌జుల్ లేచింది.
గుడ్డ అందుకోలేదు. సుద్ద అందుకుంది.
'చెప్పేది ఎవరు' కింద
సెర్మా టీచర్ అని రాసి,
పక్కన గీత పెట్టి,
వెళ్లి కూర్చుంది.

ఆ రోజు బోర్డు ఎవరూ తుడవలేదు.
బొగ్గు ఎవరు తెచ్చారో చెప్పను.
చెబితే
దానికీ ఒక గీత పెడతారు.