చెయ్యి తేలిక

ముప్పై రెండు ప్రశ్నలు, ప్రశ్నకు అయిదు అంకెలు.
ఒకటంటే అస్సలు ధైర్యం లేదని,
అయిదంటే పక్కన ఎవరూ లేకపోయినా చేసేస్తానని.
పేరు రాయొద్దు, మీ అంకెకి సున్నా చుట్టండి, అన్నాను.
ఫ్యాను గాలికి కాగితాలు లేస్తుంటే
స్టెతస్కోపులు బరువు పెట్టుకున్నారు పిల్లలు.

గుంటూరులో ఏప్రిల్.
కిటికీ తీస్తే యార్డు వైపు నుంచి మిరప ఘాటు,
మూస్తే ఫినాయిలు.
ఎవరో తుమ్మారు, ఎవరో నవ్వారు,
మొదటి సంవత్సరం బాజీ
పై నుంచి కింది దాకా అయిదులే చుట్టుకుంటూ పోయాడు
జంతికలు తిప్పినట్టు.
వాడింకా రబ్బరు చేతికి తప్ప సూది గుచ్చలేదు.
రబ్బరు చెయ్యి బంగారం లాంటిది.
అమ్మా అనదు, లాక్కోదు,
ఎండిపోయి లోపలికి దాక్కోదు దాని సిర.
ఎర్ర సిరా నీళ్లు పోసిన గొట్టం,
ఎప్పుడు గుచ్చినా పలుకుతుంది.

నాలుగో సంవత్సరం కెజియా
పద్నాలుగో ప్రశ్న దగ్గర ఆగిపోయింది.
సిరలోకి కాన్యులా ఎక్కించగలను.
పెన్ను మూత కొరికింది.
తన చేతివేళ్ల వంక చూసుకుంది, ఎవరివో అన్నట్టు.
రెండు చుట్టింది.

రెండా?
మొన్ననే కదా చూశాను,
టిక్కీలు మోసి మోసి మొద్దుబారిన హమాలీ ముంజేతి మీద
కళ్లు మూసుకుని వేలికొసతో వెతికి
ఒక్క పోటుకే ఎక్కించింది.
ఆయన అటు తిరిగి
బీడీ ఎప్పుడు తాగనిస్తారని అడుగుతూనే ఉన్నాడు.
"ఈ పిల్ల చెయ్యి తేలికే" అంది ఆయన భార్య
పక్క మంచంతో. పక్క మంచం ఆ పక్క మంచంతో.
సాయంత్రానికి వార్డు చివరి దాకా పాకింది ఆ మాట.
నా ముప్పై రెండింటిలో దానికి చోటు లేదు.
హస్తవాసిని ఎన్ని అంకెల్లో అడగాలో
మా గైడు గారు చెప్పలేదు.

అడుగుదామనుకున్నాను, ఎందుకమ్మా రెండు అని.
తూచేవాళ్లు తక్కెడ మీద వేలు పెట్టకూడదు.
నోరు మూసుకుని కాగితాలు పోగేసుకున్నాను.

ఆ రాత్రి లెక్కేస్తే, ఏడాది పెరిగేకొద్దీ
అంకె తగ్గుతూ వచ్చింది.
ముప్పై రెండో దానికి, అంటే
చనిపోయినవారిని తుడిచి, కట్టి, ఇంటివాళ్లకు అప్పగించగలను,
తొమ్మిది మంది ఏమీ చుట్టలేదు.
ఖాళీలు తీసెయ్యండి మేడం, సగటు చెడిపోద్ది
అన్నాడు లెక్కల కుర్రాడు ఫోనులో.
తీసేశాను.
తీసేసి, మిగిలిన ఒక కాగితం మీద
నాకు నేనే చుట్టుకుందామని కూర్చున్నాను.
ఇరవై రెండేళ్ల సర్వీసు.
డయాలిసిస్‌తో నలిగిపోయిన చేతులు గుర్తొచ్చాయి,
అర్ధరాత్రి కాన్పులో ఏడవని బిడ్డ గుర్తొచ్చింది.
పెన్ను మూత కొరికాను.

మర్నాడు మధ్యాహ్నం కెజియా వచ్చింది,
గుమ్మంలోనే నిలబడి.
"మేడం, నా కాగితం ఒకసారి ఇస్తారా,
పద్నాలుగోది మార్చుకుంటాను."
ఏమైందన్నాను.
"పిల్లల వార్డులో తొమ్మిది నెలల పాప, మేడం.
మొన్న మూడుసార్లు గుచ్చినా దొరకలేదు.
వాళ్లమ్మ నన్నేమీ అనలేదు, పాపని మాత్రం
నా వైపు నుంచి అటు తిప్పేసుకుంది.
ఇందాక మళ్లీ నన్నే పిలిచింది.
ఎక్కింది."
అయిదు చేస్తావా?
"మూడు, మేడం."

పేర్లు లేవు కదమ్మా, నీదేదో ఎలా తెలుస్తుందన్నాను.
సరేనని వెళ్లిపోయింది, చుక్కలు లెక్కపెట్టాలంటూ.

తెలియక కాదు.
ముందే ఇచ్చేసిన బాజీ కాగితాన్ని
అడుగున పెట్టుకుని రాసినట్టుంది ఆ రోజు.
ఎంత నొక్కి చుట్టిందంటే,
వాడి అయిదుల వరసకు ఎడమగా
పద్నాలుగో గీత మీద, రెండు చుట్టూ,
సిరా లేని సున్నా ఒకటి
వేలు పెట్టి తడిమితే తగులుతుంది.