మోకాళ్ళ మధ్య జాగా

మనిసాలెస్‌లో వాన ఆగదు,
కాసేపు అలుపు తీర్చుకుంటుంది, అంతే.
రేకుల షెడ్డులో నిదియా కిసేనో
నల్లబల్ల మీద మోటార్‌సైకిల్ బొమ్మ గీసి
మోకాళ్ళుండే చోట రెండు గీతలు పెట్టింది.
"ఇంతే జాగా," అంది.
"ఇంజను ఇందులోనే, మోటారూ ఇందులోనే,
బ్యాటరీ, దాన్ని చల్లార్చే నీళ్ళు, పెట్రోలు,
ఇంకా చోటు మిగిలితే మన పరువు."

కారుకేం, సీటు కింద దాచుకుంటుంది,
డిక్కీలో పడేసి మరిచిపోతుంది.
రెండు చక్రాల మీద బతికేదానికి
ఏ కిలో ఎక్కడ కూర్చుందో తెలుస్తూనే ఉంటుంది.
మలుపు మలుపుకీ లెక్క అడుగుతుంది.

మొదటి బండికి బ్యాటరీ వెనక కట్టాం.
ఎగువకి తిప్పగానే ముందు చక్రం
నేలతో పరిచయం లేనట్టు తేలిపోయింది.
రెండోదానికి చెరోవైపు వేలాడదీశాం.
కావడిలా కుదురుతుందని అన్నది నేనే.
కావడి మోసేవాడు పక్కకి వాలడు.
బండి వాలకపోతే మలుపే లేదు.
మూడో వంపులో పెట్టె అంచు తారుని గీరింది,
ఆర్నుల్ఫో భుజం విరిగింది.
కట్టుతోనే వచ్చాడు మర్నాడు,
పెట్టెని ఎడంచేత్తో తట్టి అన్నాడు:
"పదకొండు కిలోలు తగ్గించండి,
లేదా నన్ను తగ్గించండి."

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు.
ఒర కుట్టినవాణ్ణి ఎవరూ అడగరు.
నన్ను అడగండి,
మూడు క్లచ్చులు కాల్చినవాణ్ణి.
మోటారు పిలవకముందే లేచి నిలబడుతుంది.
ఇంజను గొంతు సవరించుకుని గానీ పలకదు.
ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి బరువు మారే ఆ రెప్పపాటులో
ఏమాత్రం తడబడినా
గొలుసు కొరడాలా జాడిస్తుంది.
ఆ రెప్పపాటు కోసం
పద్నాలుగు నెలలు రాత్రుళ్ళు రాశాను, కొట్టేశాను.

దిగేటప్పుడు బ్రేకులో పోయే శక్తినంతా
తిరిగి పట్టేద్దామని ఇంకో ఆశ.
బండిని నిజంగా ఆపేది ముందు చక్రం,
మా మోటారున్నది వెనక.
ఒలికిన పాలల్లో వేలికి అంటినంత దొరికింది.
ఇంకొంచెం ఆశపడితే
తడి రోడ్డు మీద వెనక చక్రం జారి
ఆ వేలు కూడా విరిచేది.

పూర్తిగా కరెంటు బండే చెయ్యొచ్చుగా అని
బొగొతా నుంచి వచ్చిన బ్యాంకాయన అడిగాడు.
నిదియా కిటికీ తెరిచి కొండ చూపించింది.
మరికీతా ఉక్కపోతలోంచి లెత్రాస్ కనుమ దాకా
ఎనభై కిలోమీటర్లు ఎక్కడమే.
దారిలో ప్లగ్గు దొరికేది ఒక్క పూరిపాకలో,
అదీ ముసలమ్మ రేడియో తీసేస్తే.

పైన గాలి పలచన.
ఇంజనుకి మూడోవంతు బలం పోతుంది,
మెట్లెక్కిన లావుపాటి మామయ్యలా రొప్పుతుంది.
మోటారుకి ఊపిరితో పనే లేదు.
కానీ చలికి బ్యాటరీ ముడుచుకుపోతుంది.
అప్పుడు మామయ్య ఒంటి వేడిని
గొట్టంలోంచి దానికి మళ్ళించాం.
ఈ ఒక్క సంగతి చెప్పేటప్పుడు మాత్రం
నా గొంతు కొంచెం పెరుగుతుంది, క్షమించాలి.

నిన్న ఎక్కాం.
కనుమ మీద మంచు. ఆర్నుల్ఫో ఇంజను ఆపేశాడు.
చక్రాల కింద తడి చప్పుడు ఒక్కటే.
రోడ్డు దాటుతున్న ఆవు
మమ్మల్ని చూసి బెదరలేదు,
చూడనే లేదు.

దిగి వచ్చాక దోన్ ఎవేలియో వచ్చాడు,
ఇరవై ఏళ్ళుగా అదే కొండ మీద పాల క్యానులు మోసేవాడు.
ఎక్కి కూర్చున్నాడు. దిగాడు. "ఎంత?" అన్నాడు.
నిదియా చెప్పింది.
నవ్వాడు, వెక్కిరింతగా కాదు,
చుట్టాల పిల్ల చదువు గురించి విన్నట్టు.
సీటు మీద తడి తుడిచి,
తన పాత బండిని నాలుగు తన్నులు తన్ని
పొగలో కలిసిపోయాడు.

నిదియా బల్ల తుడిచింది.
మళ్ళీ గీయడం మొదలుపెట్టింది.
ఈసారి మోకాళ్ళు కొంచెం ఎడంగా ఉన్నాయి.
దోన్ ఎవేలియోవి.