సుమారు

ఫాతిమానగర్‌ల పండుగకు ఇంక తొమ్మిది రోజులే.
చీరెల షాపోడిచ్చిన డబ్బాలల్ల
ఆరారు కొవ్వొత్తులు సర్దినం.
చీటీ మీద అన్నీ నిండినయి:
బరువు, ధర, శౌరమ్మ పేరు, ఫోన్ నంబరు.
ఒక్క గడే ఖాళీ,
ఎంతసేపు వెలుగును?

రాత్రి పదింటికి ఒకటి ముట్టించి
గడియారం ముందలేసుకొని కూసున్నం.
కాజీపేటల ఢిల్లీ బండి కూతేసింది,
ఇంకో బండి,
గూడ్సు ఒకటి ఎంతకూ ఒడువది.
శౌరమ్మ తల నా భుజం మీదికి జారింది.
నేనన్నా మేల్కొని ఉంటే అయిపోయేది.

తెల్లారి చూస్తే
పళ్లెంల రూపాయి బిళ్లంత మైనం,
వేలు పెడితే ఇంకా గోరువెచ్చగ.

ఆమె పెన్ను తీసి రాసింది,
నూట ఇరవై చీటీల మీద,
"సుమారు ఒక రాత్రి".
నేను గోందు పూసి అంటించిన,
కొంచెం వంకరగనే.